అలకపాన్పు ఇంజను

ఈ పేజీ రాసేవాడు తెలుగు మేష్టరని మీకు తెలుసు. వారంవారం ఏ సామెత గురించో, ఏ ప్రబంధంలోని చమత్కారం గురించో నాలుగు మాటలు రాస్తుంటే, "పోనీ, బతకనిద్దాం" అని మీరు సహించి వూరుకుంటున్నారు. ఈ వారం ఆ సహనాన్ని ఇంకొంచెం సాగదీయక తప్పదు. 2025 వేసవి సెలవులు నేను పుస్తకాల దగ్గర గడపలేదు. తెనాలికి పది కిలోమీటర్ల దూరంలో వున్న మా అక్కయ్యగారి వూళ్ళో, వసారాలో ముక్కాలిపీట వేసుకుని, ఒక పాత స్కూటరు ఇంజను ముఖం చూస్తూ గడిపాను.

"ఇంజను సంగతి తెలుగు మేష్టరుకేం తెలుసు?" అంటారు. సెలవులకు ముందు ఏమీ తెలియదు. ఇప్పుడు తెలిసినదైనా ఒక మేస్త్రీ గారి దగ్గరా, మా మేనల్లుడి దగ్గరా, కొంత మా అక్కయ్య దగ్గరా నేర్చుకున్నదే.

ఆ ఇంజనుకు కొంచెం వంశచరిత్ర వుంది. 1996లో మా అక్కయ్య పెళ్ళి జరిగింది. అలకపాన్పు మీద కూచుని బావగారు స్కూటరు కావాలన్నారు. నిజం చెప్పాలంటే ఆయన అనలేదు. పక్కన కూచున్న మేనత్తగారు ఆయన చేత అనిపించింది. అప్పటికే మా నాన్నగారు అప్పుల్లో మోకాటిలోతున వున్నారు. అయినా పందిట్లో పదిమంది ముందు కాదనలేక, ప్రావిడెంటు ఫండు మీద అప్పు తీసి బండి కొనిచ్చారు. మా ఇంట్లో చాలాకాలం ఆ స్కూటరు పేరు "ప్రావిడెంటు ఫండు." "అదుగో, ప్రావిడెంటు ఫండు వస్తోంది" అంటే బావగారు వీధి మలుపు తిరిగారని అర్థం. ఈ పేరు ఎలాగో ఆయన చెవిని పడింది. ఆయన కోపగించుకోలేదు. నవ్వి, ఆ నెల నుంచి వాయిదాల మీద రెండేళ్ళలో ఆ డబ్బంతా నాన్నగారికి తిరిగి ఇచ్చేశారు. అలకపాన్పు మీద పుచ్చుకున్నది తిరిగి ఇచ్చిన అల్లుణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు.

2016లో ఆయన పోయారు. స్కూటరు వసారాలో ఒక మూల టార్పాలిను కింద వుండిపోయింది. పాత సామాన్లవాడు మూడుసార్లు వచ్చి బేరమాడి వెళ్ళాడు. అక్కయ్య మూడుసార్లూ ఒకటే మాట చెప్పింది. "అది అమ్మేది కాదు."

మా మేనల్లుడికి అప్పుడు పన్నెండేళ్ళు. ఇప్పుడు ఇంజనీరింగు ఆఖరి సంవత్సరంలోకి వచ్చాడు. కాలేజీలో పిల్లలు నలుగురు కలిసి గో-కార్టు తయారు చెయ్యాలనీ, సరిపడే ఇంజను ఇంట్లోనే వుందనీ వాడు తల్లి దగ్గర బయటపెట్టాడు. అక్కయ్య మూడు రోజులు వాడితో మాట్లాడలేదు. నాలుగో నాడు టార్పాలిను తనే తీసి, "తీసుకో. పాడుచేస్తే మాత్రం నాకు చెప్పకు" అంది. "పాడుచెయ్యకు" అనలేదు చూడండి. ఆ మాటలో వున్న బరువు వాడికి తెలుసు. అందుకే తరవాత జరిగినదంతా అంత దూరం వెళ్ళింది.

గో-కార్టు అంటే ఏమిటో తెలియని వారికి ఒక మాట. ఇనప గొట్టాలతో అతికిన మంచంలాంటి చట్రం, నాలుగు బుల్లి చక్రాలు, నేలకు జానెడు ఎత్తున ఒక కుర్చీ, వీపు పక్కనో వెనకనో ఇంజను. స్ప్రింగులు వుండవు, పైకప్పు వుండదు, తలుపులు అసలే వుండవు. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన మొదటిది తయారు చేశాడని చెబుతారు. పందెపు కార్లు కట్టే చోట పనిచేసే ఆయన మిగులు సామాను కింద దొరికిన ఒక చిన్న రెండు స్ట్రోకుల ఇంజను తగిలించి వీధిలోకి వచ్చాడట. మూడేళ్ళు తిరగకుండా 1959లో మెక్‌కల్లక్ అనే కంపెనీ ఈ బళ్ళకోసమే ఒక ఇంజను అమ్మకానికి పెట్టింది. అదీ కొత్తగా పుట్టిందేం కాదు, చెట్లు కోసే రంపపు ఇంజనుకే కాస్త మార్పులు చేశారు. అంటే ఇంకొక పనికి పుట్టిన ఇంజనును తెచ్చి ఈ బండికి కట్టడం మొదటినుంచీ వున్న ఆచారమే. మావాడు చేసింది తప్పు కాదు.

ఇక రెండు స్ట్రోకుల సంగతి. మేస్త్రీ గారు నాకు చెప్పినట్టే మీకూ చెబుతాను. మామూలు ఇంజను నాలుగు అడుగుల్లో చేసే పని - గాలీ పెట్రోలూ పీల్చడం, అదమడం, మండించడం, పొగ బయటికి తొయ్యడం - ఇది రెండు అడుగుల్లో చేసేస్తుంది. ఎలాగయ్యా అంటే, దీనికి రెండు గదులు. పైన సిలిండరు, కింద క్రాంకు తిరిగే గది. నడుమ పిస్టను. పిస్టను పైకి లేచినప్పుడు పైగదిలో వున్నది అదిమి మండిస్తూనే, కిందిగదిలోకి కొత్త గాలీ పెట్రోలూ పీల్చుకుంటుంది. కిందికి దిగినప్పుడు కిందిగదిలో వున్నదాన్ని నొక్కి, గోడలోని దారుల గుండా పైగదిలోకి చిమ్ముతుంది. ఆ వచ్చేది పాత పొగను బయటికి తోసేస్తుంది. ఇంగ్లండులో బాత్ అనే వూళ్ళో జోసెఫ్ డే అనే ఆయన 1891లో దీనికి పేటెంటు తీసుకున్నాడు.

"మీకు తెలిసే భాషలో చెప్పాలంటే మేష్టారూ, కింద వున్నది కమ్మరి కొలిమితిత్తి" అన్నారు మేస్త్రీ గారు. నాకు చప్పున బోధపడింది. తిత్తి గాలి పీల్చాలి, తిత్తి గాలి వూదాలి. తిత్తి తోలు బాగున్నంత కాలమే కొలిమి వెలుగుతుంది.

ఈ ఇంజనులో వేరే నూనెగది కూడా లేదు. పెట్రోలులో కలిపిన నూనే పిస్టనుకూ బేరింగులకూ ఆధారం. లీటరుకు 20 మిల్లీలీటర్లు. ఒకప్పుడు పెట్రోలు బంకులో దానికో చిన్న చేతిపంపు వుండేది, జ్ఞాపకముందా? 2000 తరవాత పొగ నిబంధనలు బిగిసిన కొద్దీ రెండు స్ట్రోకుల స్కూటర్లు మన రోడ్ల మీదనుంచి తప్పుకున్నాయి, వాటితో ఆ చేతిపంపులూ పోయాయి.

మావాడు మొదట అన్నీ శ్రద్ధగానే చేశాడు. కార్బురేటరు విప్పితే అడుగున తొమ్మిదేళ్ళనాటి పెట్రోలు ముదురుపాకంలా పేరుకుని వుందట. అంతా కడిగి, సన్నరంధ్రాలు శుభ్రం చేసి, కొత్త ప్లగ్గు వేసి, వెనకచక్రం బిగించే చోట పళ్ళచక్రం బిగించి, దానినుంచి బండి ఇరుసుకు గొలుసు వేశాడు. ఏడో తన్నుకు ఇంజను పలికింది. వంటింట్లో వున్న అక్కయ్య చేతిలో గరిటె అలాగే పట్టుకుని వచ్చి గుమ్మంలో నుంచుందని వాడే నాకు ఫోనులో చెప్పాడు.

ఆ సంతోషం నాలుగు రోజులు. తరవాత జబ్బులు మొదలయ్యాయి. చల్లగా వున్నప్పుడు ఇంజను బాగానే నడుస్తుంది. పది నిమిషాలకు వేడెక్కి బలం పోతుంది. ఇంకాసేపటికి ఆగిపోతుంది, చల్లారేదాకా తన్నినా పలకదు. అంతకన్నా చిత్రం, ఒక్కోసారి యాక్సిలరేటరు పూర్తిగా వదిలేసినా దాని వేగం తగ్గదు. పైపెచ్చు అదే పెరుగుతుంది.

మావాడు కార్బురేటరును అనుమానించాడు. పెద్ద జెట్టు వేశాడు. గాలి స్క్రూ తిప్పాడు. ప్లగ్గు మార్చాడు. నూనె పాలు మార్చాడు. కాయిలు మార్చాడు. సాయంత్రానికి అయిదు మార్పులు. పొద్దున్నకు జబ్బు అక్కడే. అయిదిట్లో ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో దేవుడికే తెలియాలి. ఏదీ కాగితం మీద పెట్టలేదు.

ఇది నాకు కొత్త కాదు. మా శాస్త్రంలోనూ ఇలాంటి పరిష్కర్తలున్నారు. పద్యం అర్థం కాకపోతే అన్వయం కుదుర్చుకోవాలని చూడరు. రాయసగాడు తప్పు రాశాడని నిర్ణయించి పదం మార్చేస్తారు. ఆ మార్పుతో పక్కపదం చెడుతుంది. దాన్నీ మారుస్తారు. చివరికి యతి మాత్రం మిగులుతుంది, కవి మిగలడు. నేను మావాడికి ఈ మాట చెబితే, "మావయ్యా, నువ్వు కాసేపు వూరుకో" అన్నాడు. వాడి తప్పు లేదు. తిండి సరిగ్గా తినడం లేదు, రాత్రిళ్ళు టార్చిలైటు పెట్టుకుని దాని ముందే కూచుంటున్నాడు. అక్కయ్య నాకు కబురు పెట్టింది ఇంజను కోసం కాదు, వాడికోసం.

నేను వెళ్ళిన మర్నాడే ప్రమాదం జరిగింది. ఇంటి వెనక ఖాళీ చేలో బండి నడుపుతున్నాడు. మలుపు దగ్గర యాక్సిలరేటరు వదిలాడు. ఇంజను అరుపు తగ్గలేదు. క్లచ్చి నొక్కాడు, బరువు తప్పిపోయేసరికి అది ఇంకా పెద్దగా కేక పెట్టింది. ఆపే మీట నొక్కాడు. ఆగలేదు. ఆ కంగారులో క్లచ్చి వదిలేశాడు. బండి తిన్నగా పోయి గడ్డివామిలో దూరింది. వామి మా అక్కయ్య మామగారి పుణ్యమా అని పెద్దది కాబట్టి సరిపోయింది. మోచెయ్యి చెక్కుకుపోయింది, అంతే. వామిలో ముక్కు పెట్టిన ఇంజను దానంతట అదే కీచుమని బిగుసుకుని ఆగింది. వేడి ఇంజనూ ఎండుగడ్డీ! నేనూ, పాలేరూ బిందెలతో పరుగెత్తాం. నిప్పు అంటుకోలేదు. అక్కయ్య వసారాలోనుంచి కదలలేదు. వాడి చెయ్యి చూసింది, ఇంజను వైపు చూసింది, లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు.

ఆ మర్నాడు నేను తెనాలి వెళ్ళి మేస్త్రీ గారిని వెంటబెట్టుకొచ్చాను. డెబ్బై దాటిన మనిషి. బావగారి బండి ఆయన చేతిమీదే నడిచింది. ఇప్పుడు షాపు కొడుకు చూసుకుంటున్నాడు; ఆయన షాపు ముందు కుర్చీలో కూచుని, వచ్చే బళ్ళ చప్పుడు విని రోగం చెబుతుంటారు. మావాడు అప్పటికే స్పానరు పట్టుకుని సిలిండరు విప్పబోతున్నాడు.

"ఆగు బాబూ. చూడకుండానే కోస్తావా?" అన్నారాయన.

ముందు ఆపే మీట సంగతి చూశారు. ఇంట్లో లైటుకు తీగ తెగితే లైటు ఆరిపోతుంది కదా. ఈ బళ్ళలో దానికి విరుద్ధం. ఇంజను తనకు కావలసిన కరెంటు తనే పుట్టించుకుంటుంది. మీట నొక్కితే ఆ కరెంటు ఇనుములోకి దారిమళ్ళి నిప్పురవ్వ ఆగుతుంది. ఆ తీగ వూడిపోతే మీట ఎన్నిసార్లు నొక్కినా ఇంజనుకు వినపడదు. వాడి తీగ కుదుపులకు వూడి వేలాడుతోంది. "ముందు ఆపడం కుదుర్చుకుని, ఆ తరవాత నడపాలి" అని, అలాంటి సమయంలో కార్బురేటరు మూతిని గుడ్డతో మూసెయ్యమని చెప్పారు. గాలి అందకపోతే ఎంతటి ఇంజనైనా ఆగవలసిందేనట.

తరవాత ప్లగ్గు విప్పించారు. దాని మూతి సున్నం కొట్టినట్టు తెల్లగా వుంది. వుండవలసింది వేయించిన కాఫీగింజ రంగులో. నల్లగా తడిగా వుంటే పెట్రోలో నూనో ఎక్కువైనట్టు. తెల్లబడితే గాలి ఎక్కువై లోపల నిప్పులు చెరుగుతున్నట్టు. పెద్ద జెట్టు వేసి పెట్రోలు పెంచిన తరవాత కూడా తెల్లగా వుందంటే, గాలి వచ్చేది కార్బురేటరు దారిన కాదన్నమాట. ట్యాంకు మూతలో గాలిరంధ్రం చూశారు, సైలెన్సరులో మసి చూశారు. వాటిలో దోషం లేదన్నారు.

"సరే గాని, దీని టోపీ ఏదీ?"

మాకెవరికీ అర్థం కాలేదు. స్కూటరు ఇంజను డొక్కులో దాక్కుని వుంటుంది, ఎదురుగాలి తగలదు. అందుకని దాని ఫ్లైవీలుకు రెక్కలు పెట్టి విసనకర్రలా చేశారు. ఆ గాలి అటూ ఇటూ పోకుండా సిలిండరు మీదికి మళ్ళించడానికి చుట్టూ ఒక రేకు టోపీ తొడిగారు. మావాడు ఆ టోపీ తీసి అటక మీద పడేశాడు. ఎందుకంటే రెక్కల సిలిండరు బయటికి కనపడితే పందెపు బండిలా వుంటుందట! విసనకర్ర తిరుగుతూనే వుంది, గాలి మాత్రం వూరిమీదికి పోతోంది.

"వేడికి కారణం ఒకటి దొరికింది. ఇంకొకటి వుంది. వదిలేస్తే వేగం పెరగడానికి టోపీ కారణం కాదు" అన్నారాయన.

నాకు ఆయన పద్ధతి అక్కడ నచ్చింది. ఒక కారణం దొరకగానే అన్నీ దాని నెత్తిన రుద్దలేదు. ఏ లక్షణానికి ఏది సమాధానం చెబుతుందో, ఏది చెప్పదో విడదీశారు. ప్రతిపదార్థం రాయడమంటే ఇదే.

వీధి తలుపు గడియ వేసినా ఇంట్లో గాలి వీస్తోందంటే దొడ్డితలుపు తెరిచివుందని కదా అర్థం. యాక్సిలరేటరు వదలడమంటే వీధి తలుపు మూయడం. దొడ్డితలుపు ఎక్కడ? మళ్ళీ కొలిమితిత్తి దగ్గరికే రావాలి. క్రాంకు రెండు చివరలూ తిత్తి గోడల్లోనుంచి బయటికి వస్తాయి. ఒకటి ఫ్లైవీలు వైపు, ఒకటి గేర్ల వైపు. ఆ రెండు చోట్లా రబ్బరు సీళ్ళు వుంటాయి. గేర్లవైపు సీలు పోతే గేరునూనె లోపలికి పీలుస్తుంది, తెల్లటి పొగ తెరలు తెరలుగా వస్తుంది. ఫ్లైవీలు వైపుది పోతే వుత్త గాలి పీలుస్తుంది. దానికి పొగ వుండదు, మరక వుండదు, చప్పుడు వుండదు. పెట్రోలు పాలు తగ్గుతుంది, దానితోపాటు అందులోని నూనె పాలూ తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. బండి తొమ్మిదేళ్ళు కదలకుండా వుంటే రబ్బరు ఎండి చెక్కలా అవుతుందనీ, పైగా ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుస్తోంది కాబట్టి పాత బళ్ళ రబ్బర్లన్నీ ఒకసారి చూసుకోవాలనీ ఆయన అన్నారు.

"అనుమానం సరే, రుజువు?" అన్నాడు మావాడు. వాడు ఇంజనీరింగు చదువుతున్నాడని నాకు అప్పుడు నమ్మకం కలిగింది.

"సైకిలు ట్యూబుకు పంక్చరు ఎలా చూస్తారు? అలాగే. కాకపోతే దీన్ని నీళ్ళలో ముంచలేం. సన్నగా గాలి ఎక్కించి, ఎంత నిలుస్తుందో చూపించే సాధనం కావాలి. షాపునుంచి తేవడం మరిచాను" అంటూ మేస్త్రీ గారు చుట్టూ చూశారు.

ఇంతసేపూ మాట్లాడకుండా మామిడికాయలు తుడుస్తున్న అక్కయ్య లేచి లోపలికి వెళ్ళింది. తన రక్తపుపోటు చూసుకునే యంత్రం తెచ్చి ఆయన ముందు పెట్టింది. రబ్బరు బుడ్డీ, గొట్టం, ముల్లు తిరిగే గడియారం. మేస్త్రీ గారు ఒక నిమిషం దానివంక చూసి, "అమ్మా, ఇంతకన్నా మంచి సాధనం మా షాపులో లేదు" అన్నారు.

ఫ్లైవీలు వూడదీశారు. కార్బురేటరు వున్న చోటూ, పొగగొట్టం చోటూ పాత ట్యూబు ముక్కలతో బిగించి మూశారు. పిస్టనును పూర్తిగా కిందికి దించారు; అలా దించితే పైగదికీ కిందిగదికీ నడుమ దారులు తెరుచుకుంటాయి. ప్లగ్గు రంధ్రంలో గొట్టం అమర్చి నన్ను బుడ్డీ నొక్కమన్నారు. ముల్లు నెమ్మదిగా లేచి 250 దాకా పోయింది. నేను చెయ్యి ఆపానో లేదో, 200, 150, 100 అంటూ జారిపోయింది. మంచి ఇంజనైతే 300 దాకా ఎక్కించినా నిమిషాల తరబడి అక్కడే నిలవాలట. సబ్బునీళ్ళు కుంచెతో రాశారు. గేర్లవైపు గుంట దగ్గర ఏమీ లేదు. అతుకుల దగ్గర ఏమీ లేదు. ఫ్లైవీలు వెనక, క్రాంకు చుట్టూ, చిన్నపిల్లలు వూదే బుడగల్లా నురగ పొంగింది.

"అదుగో దొడ్డితలుపు" అన్నాను నేను. వంద రూపాయలైనా చెయ్యని రబ్బరు ముక్క. దానికోసం మావాడు రెండు కాయిళ్ళూ, మూడు జెట్లూ, ఒక నెల నిద్రా ఖర్చు పెట్టాడు.

పాత సీలు తీశాక క్రాంకు మీద దాని పెదవి రాసుకున్న చోట సన్నటి గాడి కనిపించింది. కొత్త సీలు మళ్ళీ ఆ గాడిలోనే కూచుంటే మళ్ళీ కారుతుంది. ఆయన దాన్ని వెంట్రుకవాసి ఇవతలగా కూచోబెట్టారు. ఆ వెంట్రుకవాసి ఏ పుస్తకంలోనూ వుండదనుకుంటాను. మళ్ళీ గాలి ఎక్కించాం. అయిదు నిమిషాలు గడిచినా ముల్లు కదల్లేదు. "బీపీ నార్మల్" అన్నాడు మావాడు. నెల రోజుల్లో వాడు నవ్వడం అదే మొదలు.

అయితే సిలిండరు ఇప్పక తప్పలేదు. గడ్డివామిలో అది కీచుమన్న సంగతి మరిచిపోలేదు కదా. విప్పితే పిస్టను ఒక పక్క, పొగ పోయే ద్వారం వైపు, నిలువునా గోళ్ళతో రక్కినట్టు గీతలు. సిలిండరు గోడమీదా అలాగే. మళ్ళీ బోరింగు చేయించి కొత్త పిస్టను వెయ్యాలి. మావాడి ముఖం పాలిపోయింది. తల్లివైపు చూడలేక ఆ పిస్టనే చేతిలో తిప్పుతున్నాడు. దాని నెత్తిమీద మసి వేలితో రుద్దితే కింద ఏవో అంకెలు కనపడ్డాయి. 0.25.

"ఇది రెండో పిస్టను. ఒకసారి బోరింగు అయింది. మీ నాన్నగారి హయాములో నేనే చేయించాను" అన్నారు మేస్త్రీ గారు. పావు మిల్లీమీటరు పెద్ద పిస్టను అన్నమాట. తరవాతిది అర మిల్లీమీటరు. సిలిండరులో ఇంకా ఇనుము వుంది కాబట్టి భయం లేదన్నారు.

అక్కయ్య అప్పుడు నోరు విప్పింది. అది 2007 అంది. కోటప్పకొండనుంచి దిగుతున్నారట. వెనక తనూ, ముందు నుంచున్న మూడేళ్ళ పిల్లవాడూ. ఘాట్ రోడ్డు సగం దిగాక బండి కీచుమని చక్రం బిగుసుకుంది. బావగారు క్షణంలో క్లచ్చి నొక్కేశారు కాబట్టి బండి పడకుండా జారి ఆగింది. "ఆ తరవాతనుంచే ఆయనకో అలవాటైంది. పల్లంలో దిగుతున్నప్పుడు వూరికే దిగొచ్చుగా? మధ్య మధ్య చెయ్యి తిప్పి బుర్రుమనిపించేవారు. జనం చూస్తారండీ, కుర్రచేష్టలేమిటని నేను తిట్టేదాన్ని. నవ్వేవారు గాని కారణం చెప్పేవారు కాదు."

మేస్త్రీ గారు చేతిలో వున్న గుడ్డ పక్కన పెట్టారు.

"నేనే చెప్పానమ్మా ఆయనకి. పల్లంలో యాక్సిలరేటరు వదిలేస్తే చక్రాలు ఇంజనును తిప్పుతూనే వుంటాయి, పెట్రోలు మాత్రం పడదు. పెట్రోలు పడకపోతే నూనె పడదు. నూనె లేకుండా తిరిగితే పట్టేస్తుంది. అందుకని మధ్య మధ్య ఒక గుక్క పొయ్యమన్నాను. అది మీకోసం, బాబుకోసం చేసిన పని. కుర్రచేష్ట కాదు."

అక్కయ్య ఏమీ అనలేదు. చాలాసేపటికి మావాడే అన్నాడు. పందెపు కార్టులు నడిపేవాళ్ళు కూడా ఒకప్పుడు తిన్నని దారి చివర చెయ్యి వెనక్కి చాచి కార్బురేటరు మూతిని అరచేత్తో ఒక్క క్షణం మూసేవారట. గాలి తగ్గి, పెట్రోలూ నూనే ఎక్కువ పడతాయని. 100 సీసీ గాలి చల్లదనపు ఇంజన్ల రోజుల్లో అది మామూలు విద్యట. వాడు దాన్ని ఎక్కడో చదివాడు గాని, తన తండ్రి కోటప్పకొండ మీద చేసిందీ అదేనని వాడికి అప్పుడే తెలిసింది.

బోరింగు తెనాలిలో చేయించాం. టోపీ అటక మీదనుంచి దిగింది. ఇక్కడ మరో చిక్కు వచ్చింది. దొంగగాలికి విరుగుడుగా మావాడు పెద్ద జెట్టు వేశాడు కదా. ఇప్పుడు దొంగగాలి లేదు, పెట్రోలు మాత్రం ఎక్కువ పడుతోంది. ఇంజను దగ్గుతూ నల్లపొగ కక్కింది. పాత జెట్టు వెయ్యాలి. అదెక్కడుంది? తీసిన ప్రతి వస్తువూ పారెయ్యకుండా ఒక డబ్బాలో వేశాడు, అంతవరకు మంచివాడే. డబ్బాలో రెండు శేర్ల నట్లూ బోల్టులూ వున్నాయి. అక్కయ్య చాట తెచ్చి, కందిపప్పులో రాళ్ళు ఏరినట్టు వాటిని చెరుగుతూ కూచుంది. బఠాణీగింజంత ఇత్తడిముక్కను రెండు వేళ్ళతో పట్టుకుని, "ఇదేనా చూడు" అంది. అదే. ఆ సాయంత్రం మావాడు ఒక నోటుపుస్తకం కొన్నాడు. మొదటి పేజీలో తేదీ వేసి, జెట్టు మీది అంకె రాశాడు. ఒక రోజుకు ఒక్క మార్పేనని అట్టమీద పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు. అందులో రెండు అచ్చుతప్పులున్నాయి. నేను దిద్దలేదు.

కొత్త పిస్టను కాబట్టి మొదటి నాలుగైదు ట్యాంకులు నెమ్మదిగా నడపాలన్నారు మేస్త్రీ గారు. వాడు చేలో బండి తీశాడు. ఆపే మీట మూడుసార్లు నొక్కి చూసుకుని మరీ బయల్దేరాడు. మేం వసారాలో కూచుని చూస్తున్నాం. అక్కయ్య కత్తిపీట ముందు పెట్టుకుని ఆవకాయకు ముక్కలు కొడుతోంది. బండి చేను చివరిదాకా పోయింది. మలుపు ముందు వాడు చెయ్యి వదిలాడు. చప్పుడు బుద్ధిగా తగ్గింది. తగ్గి, అలాగే జారుకుంటూ వస్తోంది.

"ఒరేయ్! వూరికే వదిలెయ్యకు! మధ్యలో ఒకసారి ఇవ్వు, మీ నాన్న ఇచ్చినట్టు!" అని అక్కయ్య కూచున్న చోటునుంచే కేక వేసింది.

ఇంజను మోతలో వాడికి వినపడిందో లేదో నాకు తెలియదు. బుర్రుమని ఒకసారి ఇచ్చాడు. తరవాత ఇంకొకసారి.

ఆ రక్తపుపోటు యంత్రం గొట్టానికి ఇంకా పెట్రోలు వాసన పోలేదు. కొత్తది కొనిస్తానంటే అక్కయ్య వద్దంటోంది. బానే పనిచేస్తోందట.